పైన్ చెక్కలో నీలి మచ్చ: గుర్తించడం, ఆపడం, మచ్చపడిన చెక్కను వాడుకోవడం ఎలా?

పైన్, స్ప్రూస్, ఫర్ వంటి చెట్ల కలపతో పని చేసేవారు అడిగే ప్రశ్నలు, మాటలు మారినా, మూడింటి దగ్గరికే వచ్చి ఆగుతాయి. కొత్తగా కోయించిన పలకల మీద వారం తిరక్కుండానే నీలం, బూడిద రంగు చారలు తేలాయి, ఇది కుళ్లేనా? కడిగితే పోతుందా? ఈ చెక్కతో చేసిన వస్తువు నిలుస్తుందా? మూడింటికీ ముందే జవాబు చెబుతాను. ఇది కుళ్లు కాదు. అయితే కుళ్లుకు అనువైన తేమే దీనికీ అనువైనది కనుక రెండూ ఒకే పలకలో ఉండవచ్చు, కాబట్టి పరీక్షించకుండా నమ్మకూడదు. కడిగితే పోదు. మచ్చ తప్ప వేరే లోపం లేని చెక్క చాలా పనులకు మామూలు చెక్కలాగే పనికొస్తుంది.

ఈ మచ్చకు కారణం ఒకే శిలీంధ్రం కాదు. ఒఫియోస్టోమా, గ్రోస్మానియా, లెప్టోగ్రాఫియం, సెరటోసిస్టిస్ ప్రజాతులకు చెందిన అనేక జాతులు ఇదే పని చేస్తాయి. ఇవి చెట్టు చేవలోకి సాధారణంగా పోవు. చేవకు వెలుపల, బెరడుకు లోపల ఉండే లేతరంగు రసదారువులో పెరుగుతాయి. అక్కడ మధ్య నుంచి బెరడు వైపు బండి చక్రం ఆకుల్లా సాగే కణాల వరుసల్లో నిలువ ఉన్న చక్కెరలు, పిండిపదార్థం, కొవ్వులు తిని బతుకుతాయి. చెక్కకు బలాన్నిచ్చే కణ గోడల జోలికి పెద్దగా పోవు. కుళ్లుకూ దీనికీ ఉన్న అసలు తేడా అదే. ఒక చిన్న ముచ్చట: ఈ శిలీంధ్రపు పోగుల్లో నీలం రంగు ఏమీ లేదు. వాటిలో ఉండేది ముదురు గోధుమ రంగు మెలనిన్. చెక్క లోపలి నుంచి వెలుతురు చెదిరి బయటికి రావడం వల్ల, చేతి మీది నరాలు నీలంగా కనిపించినట్టే, అది మనకు నీలంగా కనిపిస్తుంది.

పెరగడానికి దానికి తేమ, గాలి, వెచ్చదనం మూడూ కావాలి. చెక్కలో తేమ 20 శాతానికి దిగువన ఉంటే పెరగదు. చెక్క పూర్తిగా నీటితో నిండిపోయి లోపల గాలి లేకపోయినా పెరగదు. ఉష్ణోగ్రత 20 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే చురుగ్గా వ్యాపిస్తుంది, 5 డిగ్రీలకు దిగువన దాదాపు ఆగిపోతుంది. ఇక్కడ చెప్పబోయే పద్ధతులన్నీ ఈ మూడింటిలో ఏదో ఒకదాన్ని దానికి అందకుండా చేయడమే కనుక ఇంతకు మించి సిద్ధాంతం అవసరం లేదు.

కావలసినవి

- మేకుల్లాంటి రెండు మొనలున్న తేమ మీటరు. లేకపోతే గ్రాము వరకు తూచే త్రాసు, ఉష్ణోగ్రత నిలకడగా ఉండే ఓవెన్.
- మొనదేలిన దబ్బనం లేదా సన్నని ఉలి.
- చిత్రిక, రంపం, ఉప్పు కాగితం.
- ఆక్సాలిక్ ఆమ్లం కొద్దిగా, ఒక గాజు లేదా ప్లాస్టిక్ పాత్ర, పాత బ్రష్షు.
- 20 నుంచి 25 మిల్లీమీటర్ల మందం గల పొడి బద్దలు, పలకల దొంతరకు సరిపడినన్ని.
- రబ్బరు చేతి తొడుగులు, కళ్లద్దాలు, సన్నని దుమ్మును ఆపే ఎన్95 తరహా మాస్కు.

1. ముందు అది నీలి మచ్చేనా అని తేల్చుకోండి

ఈ అడుగు దాటవేసినవారే తర్వాత ఎక్కువ నష్టపోతారు. చెక్క మీద నల్లగా, నీలంగా కనిపించే ప్రతిదీ ఒకటి కాదు. దాన్ని పోలినవి కనీసం మూడు ఉన్నాయి: పైపై బూజు, ఇనుము వల్ల పడే మచ్చ, ఆరేటప్పుడు చెక్కలోని పదార్థాలు రసాయనికంగా మారడం వల్ల వచ్చే గోధుమ రంగు.

మొదట పలక చివరను రెండు మూడు సెంటీమీటర్ల మేర రంపంతో కోసి, కొత్తగా తేలిన అడ్డుకోతను వెలుతురులో చూడండి. నీలి మచ్చ అయితే అది బెరడు వైపు వెడల్పుగా మొదలై లోపలికి పోయేకొద్దీ సన్నబడే మేకు ఆకారంలోనో, చక్రం ఆకుల్లా సాగే చారల్లోనో కనిపించి, చేవ మొదలయ్యే చోట గీత గీసినట్టు ఆగిపోతుంది. పైపై బూజుకు ఇలాంటి లోతు ఉండదు. అది పొడిలాగో దూదిలాగో ఉపరితలం మీదే ఉండి, బ్రష్షుతో రుద్దితే లేచిపోతుంది, చిత్రిక ఒక్కసారి పడితే కింద శుభ్రమైన చెక్క బయటపడుతుంది. నీలి మచ్చను ఎన్నిసార్లు చిత్రిక పట్టినా చార అలాగే ఉంటుంది, కొన్నిసార్లు లోపల ఇంకా ముదురుగా తేలుతుంది.

ఇనుము మచ్చను కనిపెట్టడానికి ఆక్సాలిక్ ఆమ్లం చాలు. 100 మిల్లీలీటర్ల వేడి నీటిలో 5 గ్రాములు కరిగించి, మచ్చ మీద ఒక చుక్క అంటించి పది పదిహేను నిమిషాలు ఆగండి. మేకు చుట్టూ, రంపపు పళ్లు తగిలిన చోట, తడి చెక్క మీద ఇనుప పట్టీ ఆనిన చోట ఏర్పడిన నీలినలుపు మచ్చ కళ్ల ముందే వెలిసిపోతుంది. శిలీంధ్రపు మచ్చ చెక్కు చెదరదు. పరీక్ష అయ్యాక ఆ చోటును నీటితో బాగా కడగండి. ఆక్సాలిక్ ఆమ్లం విషం. ఆరిన తర్వాత దాని పొడి మీద ఉప్పు కాగితం పడితే గొంతు, ముక్కు మండుతాయి.

గోధుమ రంగు మచ్చ సంగతి వేరు. అది ఎక్కువగా కిల్న్‌లో, అంటే కలపను వేడి గాలితో ఆరబెట్టే గదిలో, ఆరిన చెక్కలో, ఉపరితలానికి ఒకటి రెండు మిల్లీమీటర్ల లోపల, చిత్రిక పట్టినప్పుడు బయటపడుతుంది. అందులో శిలీంధ్రం ప్రమేయం లేదు. ఆ రంగు చెక్కకు మందులేస్తూ కూర్చోవడం వృథా.

పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, పలక పైముఖం మాత్రమే చూసి తీర్పు చెప్పడంలో. పైముఖం ఎండకు బూడిద రంగుకు తిరిగి ఉండవచ్చు, లోపల చెక్క మల్లెపూవులా ఉండవచ్చు. లేదా పైన ఏమీ లేకుండా లోపల అంతా నీలం కావచ్చు: రసాయనంలో ముంచిన పలకలకు ఇలా జరుగుతుంది, ఎందుకంటే మందు పైపొరను కాపాడింది, కానీ దుంగలోనే మొదలైన మచ్చ లోపల పెరుగుతూ పోయింది. అందుకే అడ్డుకోత చూడనిదే ఏ మాటా అనవద్దు.

2. కుళ్లు లేదని రూఢి చేసుకోండి

దబ్బనం మొనను పలక ముఖం మీద ఏటవాలుగా, నార దిశకు అడ్డంగా ఆరేడు మిల్లీమీటర్ల లోతు గుచ్చి, మొనను పైకి ఎత్తండి. గట్టి చెక్క అయితే పొడవాటి పీలిక ఒక చివర అంటుకుని, చిట్లుతున్న చప్పుడుతో లేస్తుంది. కుళ్లు మొదలైన చెక్క అయితే పీలిక లేవదు. మొన ఆనిన చోటనే పొట్టిగా, చప్పుడు లేకుండా, బిస్కెట్టు విరిగినట్టు తునుగుతుంది. ఒకే చోట కాకుండా చివరల దగ్గర, ముడుల పక్కన, నీలం ముదురుగా ఉన్న చోట, పోలికకు మచ్చలేని చోట కూడా చేయండి.

దీనితో పాటు గమనించవలసినవి: గోరుతో నొక్కితే దిగిపోవడం, అదే పరిమాణపు పలకలకన్నా బాగా తేలికగా ఉండటం, ఎర్రటి గోధుమ రంగు తిరగడం, చతురస్రాకారపు పగుళ్లు, తెల్లటి మెత్తని గుంటలు. వీటిలో ఏది కనిపించినా ఆ భాగాన్ని బరువు మోసే పనికి వాడకండి, రంగు నీలమైనా కాకపోయినా సరే.

పరీక్షలో నెగ్గిన నీలి చెక్క వంపు బలంలోనూ, ఒత్తిడి బలంలోనూ మామూలు చెక్కకు చెప్పుకోదగినంత తీసిపోదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో పర్వత పైన్ బీటిల్ అనే పురుగు లాడ్జ్‌పోల్ పైన్ అడవులను విస్తారంగా చంపింది; ఆ పురుగు తనతో మోసుకుపోయే గ్రోస్మానియా క్లావిగెరా శిలీంధ్రం వల్ల ఆ చెట్ల రసదారువు నిలబడి ఉండగానే నీలమైంది. 2010 శీతాకాల ఒలింపిక్స్ కోసం అక్కడి రిచ్‌మండ్‌లో కట్టిన స్కేటింగ్ భవనపు విశాలమైన పైకప్పుకు ఆ పురుగుపట్టిన అడవుల కలపనే వాడారు. ఇంత చెప్పినా ఒక మినహాయింపు ఉంది. హఠాత్తుగా తగిలే దెబ్బను ఓర్చుకునే గుణం మచ్చ ముదిరిన చెక్కలో తగ్గవచ్చు. కాబట్టి సుత్తి, గొడ్డలి పిడులకు, నిచ్చెన మెట్లకు దీన్ని వాడవద్దు.

3. తేమ ఎంతుందో కొలవండి

మచ్చ ఇంకా పెరుగుతోందా, ఆగిపోయిందా అన్నది రంగు చూసి చెప్పలేము. తేమ చూసి చెప్పాలి. మీటరు మొనలను పలక మందంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు లోతు వరకు, చివర నుంచి కనీసం అర మీటరు లోపల గుచ్చి చూడండి. చివరలు ఎప్పుడూ ముందే ఆరిపోతాయి కనుక అక్కడి అంకె మిమ్మల్ని మోసగిస్తుంది. మీటరు 30 శాతం దాటి చూపే అంకెలను లెక్కలోకి తీసుకోకండి. అంతకు పైన అవి నమ్మదగినవి కావు, ‘బాగా తడి’ అని అర్థం చేసుకుంటే చాలు.

మీటరు లేనివారు ఇలా చేయవచ్చు. పలక మధ్య నుంచి చిన్న ముక్క కోసి వెంటనే తూచండి. 103 డిగ్రీల ఓవెన్‌లో ఉంచి, బరువు ఇక తగ్గని దాకా ఆరబెట్టి మళ్లీ తూచండి. మొదటి బరువు 168 గ్రాములు, ఆరిన బరువు 120 గ్రాములు అనుకుంటే పోయిన నీరు 48 గ్రాములు. దాన్ని ఆరిన బరువుతో, అంటే 120తో భాగించాలి: తేమ 40 శాతం. చాలామంది 168తో భాగించి 28 శాతం దగ్గర తేల్చుకుని, చెక్క దాదాపు ఆరిపోయిందని సంతోషపడతారు. కలప లెక్కల్లో తేమను ఎప్పుడూ పొడి బరువు మీదే చెబుతారు.

అంకె 20 కన్నా తక్కువగా ఉంటే మచ్చ ఇక పెరగదు. నాలుగు, అయిదు అడుగులు వదిలి ఆరో అడుగుకు పొండి. ఎక్కువగా ఉంటే ఇప్పుడే దొంతర పేర్చాలి.

4. గాలి ఆడేలా దొంతర పేర్చండి

నీలి మచ్చను ఆపగలిగేది రసాయనం కన్నా గాలి అని నా నమ్మకం. వెచ్చని, తేమగల రోజుల్లో కోసిన పలకలను ఒకదాని మీద ఒకటి ఆనించి వదిలేస్తే కొద్ది రోజుల్లోనే మచ్చ మొదలవుతుంది. అవే పలకలను కోసిన రోజే బద్దలు పెట్టి పేరిస్తే ఉపరితలం త్వరగా ఆరి, శిలీంధ్రం లోపలికి దిగే దారి మూసుకుపోతుంది.

ముందుగా పలకల మీది రంపపు పొట్టును ఊడ్చేయండి. అది స్పంజిలా తేమను పట్టి ఉంచుతుంది. నేల నుంచి 30 నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తులో దిమ్మెల మీద సమతలంగా ఆధారం ఏర్పరచండి. కింద గడ్డి, చెత్త లేకుండా చూడండి. ఒక వరుస పలకలను పక్కపక్కన, మధ్య వేలెడు సందు ఉండేలా పరచండి. వాటిపై అడ్డంగా 40 నుంచి 60 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున బద్దలు పెట్టి, తర్వాతి వరుస పరచండి. పై వరుస బద్ద కింది వరుస బద్దకు సరిగ్గా మీదుగా రావాలి. పక్కకు జరిగితే పలకలు వంకర తిరుగుతాయి. గాలి వీచే దిక్కుకు దొంతర పక్కభాగం ఎదురుగా ఉంటే గాలి పలకల మధ్య నుంచి దూసుకుపోతుంది. పైన వాన పడని కప్పు, దాని కింద కొంత బరువు ఉండాలి.

బద్దలు పొడిగా ఉండటం గురించి నేను అనుభవం మీద చెబుతున్నాను. ఒకసారి చేతికి పొడి బద్దలు అందక, అదే దుంగ నుంచి అప్పుడే తీసిన పచ్చి బద్దలు పెట్టాను. పలకలు మొత్తం తెల్లగా ఆరాయి, బద్దలు ఆనిన ప్రతి చోటా మాత్రం నిచ్చెన మెట్లలా నీలి అడ్డచారలు పడ్డాయి. వాటిని చిత్రికతో తీయబోతే పలక మందం సగం పోయేలా ఉండటంతో అలాగే లోపలి అరలకు వాడుకోవలసి వచ్చింది.

అన్నిటికన్నా తరచుగా జరిగే పొరపాటు ప్లాస్టిక్ పట్టా. వాన వస్తుందని దొంతరను నాలుగు వైపులా కప్పేస్తారు. చెక్క విడిచిన నీరు లోపలే ఆవిరై, పట్టా కింద చెమటలా పట్టి, తిరిగి పలకల మీదే పడుతుంది. శిలీంధ్రానికి ఇంతకన్నా మంచి పెంపకం మనం చేయలేము. పైన మాత్రమే కప్పండి, పక్కలు వదిలేయండి.

గాలి ఆడని చోట ఉన్నవారు ఫ్యాను పెట్టవచ్చు. పైన్ వంటి మెత్తని కలప బరువైన గట్టి కలపలంత సులభంగా పగలదు కనుక మొదటి రోజుల్లో కాస్త వేగంగా ఆరబెట్టినా భయం లేదు. కిల్న్ అందుబాటులో ఉంటే కోసిన వెంటనే అందులో పెట్టడం అన్నిటికన్నా శ్రేష్ఠం. అయితే కిల్న్ వేడి శిలీంధ్రాన్ని చంపగలదే తప్ప అప్పటికే పడిన రంగును తీయలేదు. వేడి చేసినంత మాత్రాన చెక్క ఆరిపోయినట్టు కూడా కాదు. అంతర్జాతీయ రవాణాకు వాడే ప్యాలెట్ల మీద ‘హెచ్‌టీ’ ముద్ర ఉంటుంది. చెక్క గర్భం వరకు 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగిలిందని దాని భావం. అది పురుగుల కోసం పెట్టిన నియమం. ఆ ముద్ర ఉన్న ప్యాలెట్ చెక్క తడిగానే ఉండవచ్చు, తర్వాత నీలమూ కావచ్చు.

5. దుంగల దగ్గరే ఆపాలనుకుంటే

చెట్టు కొట్టించే వీలు మీ చేతుల్లో ఉంటే చల్లని కాలం ఎంచుకోండి. వెచ్చని కాలంలో కొట్టవలసి వస్తే దుంగ కోత మిల్లుకు చేరడం రోజుల లెక్కలో జరగాలి, రెండు వారాలు దాటనివ్వకండి. శిలీంధ్రం దుంగ చివరల నుంచి, కొమ్మలు నరికిన చోట్ల నుంచి, బెరడు ఊడిన గాయాల నుంచి దిగుతుంది. బెరడు తొలిచే పురుగులు దాన్ని తమ ఒంటి మీద మోసుకొస్తాయి. అందువల్ల కొట్టిన రోజే చివరలకు మైనం పూత వేయడం కొంతవరకు కాపాడుతుంది. కానీ పురుగులు తిరిగే కాలంలో చివరల పూత ఒక్కటే నమ్ముకోవద్దు.

మిల్లులో ఆలస్యం తప్పదనుకుంటే ఆరబెట్టడానికి బదులు పూర్తిగా తడపడం ప్రత్యామ్నాయం. దుంగలను చెరువులో ముంచి ఉంచుతారు, లేదా గుట్ట మీద నిరంతరం నీరు చల్లుతారు. చెక్కలో గాలికి చోటు లేకుండా చేయడం దీని ఉద్దేశం. రోజుకు రెండు పూటలు బకెట్టుతో చల్లడం ఈ కోవలోకి రాదు. ఆ సగం తడి మచ్చకే మేలు చేస్తుంది. నీటిలో సగం తేలే దుంగ పైభాగం కూడా నీలమవుతుంది.

కోసిన పలకలను మచ్చ నిరోధక ద్రావణంలో ముంచే పద్ధతి మిల్లుల్లో ఉంది. ఒకప్పుడు వాడిన సోడియం పెంటాక్లోరోఫెనేట్‌ను విష ప్రభావం వల్ల చాలా దేశాలు మానేశాయి. ఇప్పుడు ప్రొపికొనజోల్, ఐపీబీసీ, డీడీఏసీ వంటి శిలీంధ్ర నాశక రసాయనాలతో చేసిన మిశ్రమాలు వాడుతున్నారు, కొన్నిటిలో వెలిగారం జాతి లవణాలు కూడా కలుస్తాయి. ముంచడం కోసిన 24 గంటల్లోపు జరగాలి. మందు పైపొరకే పరిమితం, అదీ కొంతకాలమే, వానకు కొట్టుకుపోతుంది. డబ్బా మీద రాసిన పాలును మించి కలిపితే ప్రయోజనం పెరగదు, ప్రమాదం పెరుగుతుంది. చేతితో కొద్దిపాటి పలకలు కోసుకునేవారికి ఈ మందుల అవసరమే లేదని నేను అంటాను. దొంతర సరిగ్గా పేరిస్తే చాలు.

6. రంగు తగ్గించాలని గట్టిగా అనుకుంటే

బ్లీచ్ రాస్తే మచ్చ పోతుందనే మాట బాగా ప్రచారంలో ఉంది. సోడియం హైపోక్లోరైట్ ఉన్న మామూలు బ్లీచ్ పైపై బూజును తీస్తుంది, నీలి మచ్చను పైపైన కొద్దిగా వెలిసేలా చేస్తుంది, అంతే. రంగు మోస్తున్న పోగులు చెక్క మందమంతా పాకి ఉన్నాయి. ద్రావణం అంత లోతుకు పోదు. ఆరిన తర్వాత మచ్చ మళ్లీ వచ్చిందని బాధపడేవారు నిజానికి మొదటి నుంచీ అక్కడే ఉన్న మచ్చను చూస్తున్నారు.

కలపకు ప్రత్యేకంగా అమ్మే రెండు సీసాల బ్లీచ్ ఇంతకన్నా బలమైనది. అందులో ఒకటి కాస్టిక్ సోడా, మరొకటి గాఢమైన హైడ్రోజన్ పెరాక్సైడ్. దీన్ని వాడదలచినవారు ఈ వరుస తప్పకండి:

క) చిత్రిక, ఉప్పు కాగితం పనులన్నీ ముందే ముగించండి. బ్లీచ్ చేశాక పైపొర తీస్తే నీలం తిరిగి బయటపడుతుంది.

ఖ) అదే పలక ముక్క మీద ముందుగా ప్రయత్నించి, పూర్తిగా ఆరాక, వేయబోయే వార్నిష్ కూడా పూసి చూడండి. మచ్చలేని భాగం కూడా వెలిసి పాలిపోతుంది. ఆ తెలుపు మీకు నచ్చుతుందా అన్నది అప్పుడే తెలుస్తుంది.

గ) చేతి తొడుగులు, కళ్లద్దాలు వేసుకుని, గాలి వచ్చే చోట, లోహపు పాత్రలు కాకుండా ప్లాస్టిక్ పాత్రల్లో, తయారీదారు చెప్పిన క్రమంలో రాయండి. ఈ రెండూ చర్మాన్ని కాలుస్తాయి.

ఘ) చివర నీటితో పలుచన చేసిన వినిగర్‌తో తుడిచి, మంచినీటితో కడిగి, పలకను మళ్లీ 20 శాతం లోపుకు ఆరబెట్టండి. ఇంత నీరు తాగించి ఆరబెట్టకుండా వదిలేస్తే బూజును మీరే పిలిచినట్టు.

ముఖ్యమైన హెచ్చరిక: హైపోక్లోరైట్ బ్లీచ్‌ను ఏ ఆమ్లంతోనూ, అమ్మోనియాతోనూ కలపకండి. వినిగర్, ఆక్సాలిక్ ఆమ్లం కూడా ఆమ్లాలే. ఒకటి రాసిన చోటే రెండోది వెంటనే రాయడమూ కలపడమే. వెలువడే వాయువులు ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి.

ఈ శ్రమ అంతా పడి, ఫలితంగా నీలం లేత బూడిదగా మారిన పలకలను నేను చూశాను. అందుకే చాలా సందర్భాల్లో తర్వాతి అడుగే సరైన మార్గమని నాకనిపిస్తుంది.

7. మచ్చను ఉంచుకునే పూత వేయండి

మచ్చపడిన చెక్క ద్రవాన్ని ఎక్కువగా పీల్చుతుంది. శిలీంధ్రం కణాల వరుసలను తినివేయడంతో లోపల దారులు తెరుచుకున్నాయి. దీన్ని మీరే చూడవచ్చు: నీలి భాగం మీద ఒక నీటి చుక్క, తెల్ల భాగం మీద ఒక చుక్క వేసి ఏది ముందు ఇంకుతుందో గమనించండి. తేడా ఎక్కువగా ఉంటే రంగు పూత తిన్నగా వేసినప్పుడు మరకలు మరకలుగా పడుతుంది. ముందుగా పలుచటి లక్క పూత లేదా సాండింగ్ సీలర్ ఒకటి వేసి, ఆరాక సన్నని ఉప్పు కాగితంతో తేలికగా రుద్ది, అప్పుడు రంగు వేయండి.

మచ్చను దాచాలంటే ముదురు రంగు గానీ, లోపలిది కనిపించని పెయింటు గానీ వేయాలి. లేత రంగు, పారదర్శకమైన వార్నిష్ దాన్ని దాచకపోగా తడిపినట్టు ముదురు చేసి చూపిస్తాయి. అదే కావాలనుకునేవారూ ఉన్నారు. ఉత్తర అమెరికాలో ఈ చెక్కను ‘డెనిమ్ పైన్’ అని ముద్దుపేరు పెట్టి గోడ పలకలకు, సామాన్లకు ఇష్టంగా వాడుతున్నారు. అలా వాడేటప్పుడు పలకలను బిగించక ముందే నేల మీద పరచి, నీలం ఒకే మూల పోగుపడకుండా అటూఇటూ మార్చి చూసుకోండి. నూనె కలిసిన వార్నిష్‌లు కాలక్రమంలో పసుపు తిరుగుతాయి, దాంతో నీలం ఆకుపచ్చ ఛాయకు జారుతుంది; నీలం నీలంగానే నిలవాలంటే నీటి ఆధారిత పూత మేలు.

బయట వానకు తడిసే చోట మాత్రం మరోసారి ఆలోచించండి. నీటిని త్వరగా పీల్చే చెక్క త్వరగా కుళ్లుకు లోనవుతుంది. అదే గుణం వల్ల సంరక్షక ద్రావణాన్నీ బాగా పీల్చుతుంది కాబట్టి, ఆరుబయట వాడక తప్పకపోతే సంరక్షణ చేయించి వాడండి.

8. పెయింటు కింద మచ్చ తేలితే

ఎప్పుడో ఆరి, పూత వేసి బిగించిన కిటికీ చట్రాల్లో ఏళ్ల తర్వాత నల్లటి చుక్కలు రావడం వేరే కథ. ఇక్కడ తరచుగా దొరికేది ఆరియోబేసిడియం పుల్లులాన్స్ అనే శిలీంధ్రం. పూత పగిలిన చోట నుంచి నీరు చెక్కలోకి దిగి, బయటికి పోలేక నిలిచినప్పుడు అది పూత కింద పెరిగి, పొరను చీల్చుకుని పైకి వస్తుంది. దాని మీద మరో పూత వేయడం వల్ల కొన్ని నెలలు కంటికి కనపడదు, అంతే. నీరు ఎక్కడి నుంచి వస్తోందో ముందు కనిపెట్టండి. సాధారణంగా అది అతుకులు, చెక్క అడ్డుకోత చివరలు, కింది పట్టీ. పూతను చెక్క తేలేవరకు తీసి, బాగా ఆరనిచ్చి, నీలి మచ్చను నిరోధించే ప్రైమర్‌ను అడ్డుకోత చివరలకు రెండుసార్లు పట్టించి, తర్వాత పై పూతలు వేయండి. పాత పెయింటులో సీసం ఉండవచ్చు కనుక దాన్ని పొడిగా గీకి దుమ్ము లేపకండి.

పదేపదే వచ్చే మరికొన్ని సందేహాలు

పక్కనున్న ఫర్నిచర్‌కు అంటుకుంటుందా? ఆరిన చెక్కకు అంటుకోదు. బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి; వాటికి లేనిది తేమ.

ఆరోగ్యానికి హానా? ఆరి, పూత వేసిన చెక్కతో భయం లేదు. కోసేటప్పుడు, రుద్దేటప్పుడు లేచే దుమ్ముకు మాస్కు తప్పనిసరి. ఉబ్బసం ఉన్నవారు, పైన బూజు కూడా పట్టిన పలకలను ఇంట్లో కాకుండా బయట శుభ్రం చేయించుకోవడం మంచిది.

జిగురు పట్టుతుందా? సాధారణంగా పట్టుతుంది. నీలి భాగం జిగురును వేగంగా పీల్చుతుంది కనుక ఒక పలుచని పూత వేసి, అది కాస్త ఇంకాక రెండోది వేసి బిగించండి. రెండు తుక్కు ముక్కలు అతికించి, మరునాడు ఉలితో విడదీసి చూడండి. చెక్క చిరిగితే అతుకు మంచిది, జిగురు గీత వెంట శుభ్రంగా విడిపోతే కాదు.

9. ఆగిందో లేదో సరిచూసుకోండి

దొంతర పేర్చిన రోజే, బాగా తడిగా ఉన్న మూడు పలకల అడ్డుకోతల మీద మచ్చ అంచును పెన్సిలుతో గీసి, తేదీ, తేమ అంకె, బరువు రాసి పెట్టుకోండి. వాటిలో ఒకటి దొంతర మధ్యలో, గాలి తక్కువ తగిలే చోట ఉండాలి. బయటి పలకలు చూసి మురిసిపోవడం వల్లనే లోపలివి పాడవుతాయి. వారానికొకసారి తూచండి. మూడు వారాల తర్వాత ఆ పలకల చివర నుంచి రెండు అంగుళాలు కోసి కొత్త అడ్డుకోత చూడండి. బరువు తగ్గుతూ, కొత్త కోతలో మచ్చ గీత దాటకుండా ఉంటే దొంతరను అలాగే వదిలేయండి. మచ్చ గీత దాటితే, మధ్య పలక తేమ 25 శాతం మీదే నిలిచి ఉంటే, బద్దల మందం పెంచి, దొంతర వెడల్పు తగ్గించి తిరిగి పేర్చండి. రెండు వేర్వేరు వారాల్లో మధ్య పలక అంకె 20 లోపు వచ్చాక పలకలను లోపలికి మార్చవచ్చు. తేమ నేల మీద, గోడకు ఆనించి మాత్రం పెట్టకండి, ఎందుకంటే ఆరిన చెక్కలో శిలీంధ్రం నిద్రాణంగా ఉండి, మళ్లీ తడిస్తే లేచే అవకాశం ఉంది.